ఐదు నక్షత్రాలు సరే, సముద్రం ఎంత దూరం? మధ్యధరా తీరంలో లగ్జరీ హోటల్ ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సినవి

గ్రీస్‌లోని సాంటోరినీ ద్వీపం ఫొటోలు చూడని వారు అరుదు. తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, కొండ అంచున చిన్న ఈతకొలను, కింద సముద్రం. హనీమూన్ ప్యాకేజీల ప్రకటనల్లోనూ తరచూ కనిపించేది ఈ దృశ్యమే. అయితే ఆ ఫొటోలో తెలియని విషయం ఒకటుంది. ద్వీపంలోని ఇమెరోవిగ్లి లాంటి ఊళ్లలో ఆ కొలనుకూ సముద్రానికీ మధ్య దాదాపు 300 మీటర్ల నిట్టనిలువు కొండ ఉంటుంది. హోటల్‌కు ఐదు నక్షత్రాలు ఉండొచ్చు. కానీ అక్కడ దిగినవారు ఇసుకలో నడవాలంటే కారెక్కి ద్వీపం అవతలి వైపుకు వెళ్లాలి.

ఇందులో హోటల్ చేసిన మోసమేమీ లేదు. నక్షత్రాలు చెప్పేది ఒకటి, సెలవులకు వెళ్లేవారు ఆశించేది మరొకటి. ఒక కుటుంబం ఏళ్ల తరబడి దాచుకున్న కొన్ని లక్షల రూపాయలను ఐదారు రాత్రుల కోసం ఖర్చు పెట్టేటప్పుడు ఈ తేడా చాలా ఖరీదైనది.

నక్షత్రాలు ఏం చెబుతాయి?

ప్రపంచమంతటికీ వర్తించే ఒకే స్టార్ రేటింగ్ విధానం లేదు. భారత్‌లో కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో ఫైవ్ స్టార్‌కు పైన ‘ఫైవ్ స్టార్ డీలక్స్’ ఉంది. ఫ్రాన్స్‌లో 2009 వరకు అసలు ఐదో నక్షత్రమే లేదు. 2010లో ఆ పైన ‘పాలెస్’ అనే ప్రత్యేక గుర్తింపును తెచ్చారు. ఐదు నక్షత్రాలున్న హోటళ్లలోనూ కొన్నింటికే అది దక్కుతుంది. స్పెయిన్‌లో స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, ఇటలీలో ప్రాంతీయ ప్రభుత్వాలు ఎవరి నిబంధనలు వారు పెట్టుకున్నాయి.

ఈ విధానాలన్నీ ప్రధానంగా కొలిచేది గది వైశాల్యం, సిబ్బంది, రిసెప్షన్ పనివేళలు, రెస్టారెంట్, ఇతర సదుపాయాలను. హోటల్ ముందున్న తీరం ఇసుకదా, గులకరాళ్లదా, అక్కడ గాలి ఎంత వీస్తుంది, గదికి చేరాలంటే ఎన్ని మెట్లు దిగాలి అన్నవి నక్షత్రాలను బట్టి తెలియవు. తీరప్రాంత సెలవుల్లో అసలు తేడా తెచ్చేవి ఇవే.

చూసే సముద్రమా, దిగే సముద్రమా?

మధ్యధరా తీరంలోని ఖరీదైన హోటళ్లను స్థూలంగా రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి, సముద్రాన్ని చూపించేవి. రెండు, సముద్రంలోకి దించేవి.

సాంటోరినీ మొదటి రకానికి స్పష్టమైన ఉదాహరణ. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం బద్దలై, మధ్య భాగం కూలిపోగా మిగిలిన అంచే ఈ ద్వీపం. కూలిన చోట ఏర్పడిన పెద్ద గుంటలోకి సముద్రం చేరింది. దాన్నే కాల్డెరా అంటారు. ఫిరా, ఇమెరోవిగ్లి, ఓయా ఊళ్లు ఈ అంచు మీదే ఉన్నాయి. ఫిరా నుంచి కింద పాత రేవుకు దిగాలంటే దాదాపు 590 మెట్లు. కేబుల్ కారు కూడా ఉంది. కమారి, పెరిస్సా లాంటి నల్ల ఇసుక, గులకరాళ్ల బీచ్‌లు ద్వీపానికి రెండో వైపున ఉన్నాయి.

అంచు మీది హోటళ్లలో చాలావరకు అగ్నిపర్వత బూడిద పొరలను తొలిచి కట్టుకున్న పాత గుహ ఇళ్లే. గదులు అందంగా ఉంటాయి. కానీ వెలుతురు తక్కువ, మెట్లు ఎక్కువ. లిఫ్టు పెట్టే వీలు చాలాచోట్ల లేదు. సామాను సిబ్బంది మోసుకొస్తారు. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్లేవారికి, పసిపిల్లలున్నవారికి ఇది సరిపోదు. పన్నెండు, పదమూడేళ్ల లోపు పిల్లలను అనుమతించని హోటళ్లు కూడా ఇక్కడ ఉన్నాయి.

రెండో రకానికి అదే గ్రీస్‌లో ఉదాహరణలున్నాయి. క్రీట్ ద్వీపంలోని ఎలౌండా తీరానికి ఎదురుగా స్పినలోంగా ద్వీపకల్పం అడ్డుగా ఉండటంతో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. పెలొపొన్నీస్ నైరుతి తీరంలో 2010లో మొదలైన కోస్టా నవరీనో రిసార్టుల ముందు పొడవైన ఇసుక తీరం ఉంది. ఈ రెండు చోట్లా సాంటోరినీ లాంటి ఫొటో రాదు. పిల్లలు మాత్రం రోజంతా నీళ్లలో ఆడుకోవచ్చు.

మిగతా దేశాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1913లో తెరిచిన ప్రఖ్యాత నెగ్రెస్కో హోటల్‌కూ బీచ్‌కూ మధ్య ప్రొమెనాడ్ దేజాంగ్లే అనే రద్దీ రహదారి ఉంది. బీచ్ నిండా గులకరాళ్లే. ‘పాలెస్’ గుర్తింపు పొందిన గ్రాండ్ హోటల్ దు కాప్ ఫెరా కొండపైన ఉంటే, దాని ఈతకొలను కింద సముద్రం పక్కన ఉంది. కిందికి దిగడానికి ఫ్యునిక్యులర్ ఏర్పాటు చేశారు. ఇటలీలోని పొసితానోలో వీధులంటే చాలావరకు మెట్లే.

‘ప్రైవేట్ బీచ్’ అంటే ఏమిటి?

హోటల్ వెబ్‌సైట్లలో తరచూ కనిపించే మాట ‘ప్రైవేట్ బీచ్’. దీన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. స్పెయిన్‌లో 1988 నాటి తీర చట్టం ప్రకారం బీచ్‌లు ప్రజల ఆస్తి. గ్రీస్, ఫ్రాన్స్, ఇటలీల్లోనూ సముద్ర తీరం ప్రాథమికంగా ప్రజలదే. హోటళ్లకు, వ్యాపారులకు దక్కేది కొంత స్థలంలో గొడుగులు, పడక కుర్చీలు వేసుకునే లీజు హక్కు మాత్రమే.

ఈ లీజులు శ్రుతిమించాయన్న ఆగ్రహం 2023 వేసవిలో గ్రీస్‌లోని పారోస్ ద్వీపంలో బయటపడింది. తువ్వాలు పరుచుకోవడానికి కూడా చోటు లేకుండా కుర్చీలు వేసేశారంటూ స్థానికులు వీధుల్లోకి వచ్చారు. అందుకే దానికి ‘తువ్వాళ్ల ఉద్యమం’ అని పేరొచ్చింది. 2024లో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం బీచ్‌లో కనీసం సగం భాగాన్ని, రక్షిత ప్రాంతాల్లో 70 శాతాన్ని ఖాళీగా వదలాలి. నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల వరకు కుర్చీలు వేయకూడదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘బీచ్ ఉందా?’ అని కాదు. బీచ్ కుర్చీల అద్దె గది ధరలో కలిసి ఉందా, ముందు వరుసకు వేరే రేటు ఉందా అని అడగాలి.

నీటి నాణ్యతను తెలుసుకోవడానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ఉపయోగపడుతుంది. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో దక్కింది ఈ గుర్తింపే. ఈ జాబితాలో స్పెయిన్, గ్రీస్ ఏటా ముందు వరుసలో ఉంటాయి.

ఏ నెలలో వెళ్లాలి?

తెలుగు రాష్ట్రాల కుటుంబాలు ఎక్కువగా ఇక్కడే పొరబడే అవకాశం ఉంది. మన పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా. ఆ సమయంలో గ్రీస్‌లో ఎండ హాయిగా ఉంటుంది, జనం తక్కువ. కానీ నీళ్లు చల్లన. మే నెలలో ఏజియన్ సముద్రం ఉష్ణోగ్రత దాదాపు 19, 20 డిగ్రీలే. ఏడాదిలో ఎక్కువ భాగం 25 డిగ్రీల పైనే ఉండే విశాఖ సముద్రానికి అలవాటుపడినవారు అందులో పది నిమిషాలు ఉండటం కష్టం. హోటల్ ఈతకొలను వేడి నీటిదా కాదా అన్నది మేలో చాలా ముఖ్యమైన ప్రశ్న. గదికి ఆనుకుని ఉండే చిన్న కొలనుల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు.

జులై, ఆగస్టు నెలల్లో ధరలు, జనం, ఎండ మూడూ పతాక స్థాయిలో ఉంటాయి. పైగా ఏజియన్ ద్వీపాల మీద మెల్టెమి అనే ఉత్తర గాలి బలంగా వీస్తుంది. కొన్ని రోజులు ఫెర్రీలు కూడా రద్దవుతాయి. అందుకే మికొనోస్ లాంటి ద్వీపాల్లో గాలి తక్కువ తగిలే దక్షిణ తీరంలోని హోటళ్లకు గిరాకీ ఎక్కువ.

వేసవంతా వేడెక్కిన సముద్రం సెప్టెంబర్ దాటినా త్వరగా చల్లబడదు. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో నీళ్లు మే కంటే వెచ్చగా ఉంటాయి. గది ధరలు ఆగస్టుతో పోలిస్తే తగ్గుతాయి. అంటే మన దసరా సెలవులే ఈ ప్రయాణానికి వేసవి సెలవుల కన్నా అనువైనవి. నవంబర్ నుంచి మార్చి దాకా ద్వీపాల్లో చాలా హోటళ్లు మూతపడతాయి.

బిల్లులో కనిపించని ఖర్చు

బుకింగ్ సైట్‌లో కనిపించే ధర చాలాసార్లు చివరి ధర కాదు. గ్రీస్‌లో 2025 నుంచి ఏప్రిల్-అక్టోబర్ మధ్య ఐదు నక్షత్రాల హోటల్‌లో రాత్రికి, గదికి 15 యూరోల చొప్పున పర్యావరణ రుసుము ఉంది. సాధారణంగా దీన్ని హోటల్‌లోనే చెల్లించాలి. ఐదు రాత్రులకు 75 యూరోలు. యూరోకు వంద రూపాయలు వేసుకున్నా 7,500 రూపాయలు. వరదలు, కార్చిచ్చుల వంటి వాతావరణ విపత్తుల నష్టాన్ని భరించడానికి ఈ సొమ్ము అవసరమని ప్రభుత్వం చెబుతోంది. స్పెయిన్‌లోని మయోర్కా, ఇబీసాల్లో పర్యాటక పన్ను గదికి కాకుండా మనిషికి లెక్క. కాబట్టి ఒకే గదిలో ముగ్గురు పెద్దలు ఉంటే లెక్క మారుతుంది.

భోజనం సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ‘హాఫ్ బోర్డ్’ అంటే అల్పాహారం, రాత్రి భోజనం. పానీయాలు సాధారణంగా అందులో ఉండవు. శాకాహారులు గ్రీస్‌లో ‘నిస్తీసిమా’ అనే మాట గుర్తుంచుకుంటే మేలు. క్రైస్తవ ఉపవాస రోజుల్లో తినే వంటకాలవి. వాటిలో మాంసం, గుడ్లు, పాలు ఉండవు. రొయ్యలు, నత్తల వంటివి మాత్రం ఉండొచ్చు కనుక అడిగి తీసుకోవాలి. సాంటోరినీ ‘ఫావా’ మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం.

వీసా వచ్చేదాకా డబ్బు ఎవరి చేతిలో?

చాలా హోటళ్లు ఒకే గదికి రెండు ధరలు పెడతాయి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని గది చవక. రద్దుకు వీలున్నది కాస్త ఖరీదు. యూరప్ పౌరుడికి ఇది చిన్న లెక్క. భారతీయుడికి అలా కాదు. 2024లో భారత్ నుంచి వచ్చిన షెంజెన్ వీసా దరఖాస్తుల్లో దాదాపు 15 శాతం తిరస్కరణకు గురయ్యాయి. పెద్దలకు 90 యూరోల వీసా రుసుము ఎలాగూ తిరిగిరాదు. దాంతోపాటు నాలుగైదు లక్షల హోటల్ బిల్లూ పోతే ఆ దెబ్బ మామూలుది కాదు.

వీసాకు కావాల్సింది బస ఏర్పాటుకు రుజువు. గది అద్దె మొత్తం ముందే కట్టాలన్న నియమం లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి రద్దుకు వీలున్న గది తీసుకుని, వీసా చేతికొచ్చాక ధరలు మళ్లీ పోల్చుకోవడం సురక్షితం. రద్దు గడువు తేదీ వీసా నిర్ణయం వచ్చే తేదీ కంటే వెనకే ఉండేలా చూసుకోవాలి.

హోటల్‌ను అడగాల్సిన ఆరు ప్రశ్నలు

డబ్బు కట్టే ముందు హోటల్‌కే నేరుగా ఈమెయిల్ చేసి, రాతపూర్వక జవాబు తీసుకోవడం మంచిది.

1. గది తలుపు నుంచి ఈత కొట్టదగిన తీరానికి నడిచి ఎంతసేపు? దారిలో మెట్లెన్ని?
2. తీరం ఇసుకదా, గులకరాళ్లదా, రాతి గట్టా?
3. కుర్చీలు, గొడుగులు ధరలో కలిసి ఉన్నాయా?
4. ఈతకొలను ఆ నెలలో వేడి చేస్తారా?
5. పన్నులు, రుసుములు కలిపి చివరి మొత్తం ఎంత?
6. వీసా రాకపోతే ఏ తేదీ వరకు పూర్తి డబ్బు తిరిగిస్తారు?

వీటికి సూటిగా జవాబిచ్చిన నాలుగు నక్షత్రాల హోటల్, దాటవేసిన ఐదు నక్షత్రాల హోటల్ కంటే నమ్మదగినది. సూర్యాస్తమయం చూస్తూ రెండు రోజులు గడపాలనుకునే జంటకు సాంటోరినీ కొండ అంచు సరైన చోటే కావచ్చు. పిల్లలు, పెద్దలతో వారం రోజులు సముద్రం పక్కన ఉండాలనుకునే కుటుంబానికి అదే డబ్బుతో ఎలౌండాలోనో, నవరీనోలోనో దొరికేది ఎక్కువ.