రాతి పొరల గుట్టు చదివే న్యూరల్ నెట్‌వర్క్‌లు

చమురు బావి తవ్వాక, ఏ లోతులో చమురు ఉందో, ఎక్కడ నీరు ఉందో తేల్చాలి. ఇందుకోసం కేబుల్‌కు కట్టిన పరికరాలను బావిలోకి దించి, పైకి లాగుతూ రాళ్ల లక్షణాలను నమోదు చేస్తారు. ఈ నమోదునే వెల్ లాగ్ అంటారు. తొలి విద్యుత్ లాగ్‌ను 1927లో ఫ్రాన్స్‌లో ష్లంబర్జర్ సోదరుల బృందం తీసింది.

గామా వికిరణం ఎక్కువగా ఉంటే అది సాధారణంగా షేల్ రాయి. ఇసుకరాయి రంధ్రాల్లో ఉప్పునీరుంటే విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చమురో, గ్యాసో ఉంటే పెరుగుతుంది. 1942లో ఆర్చీ ప్రకటించిన సూత్రానికి ఇదే ఆధారం. అయితే కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్నిచోట్ల ఇసుకరాయి, షేల్ పలుచని పొరలుగా ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. అలాంటి చోట షేల్ వల్ల నిరోధం తగ్గి, గ్యాస్ ఉన్న పొర కూడా నీటి పొరలా కనిపించవచ్చు. దాన్ని వదిలేస్తే నిక్షేపం చేజారినట్టే.

ఇక్కడే న్యూరల్ నెట్‌వర్క్ తోడ్పడుతుంది. కొన్ని బావుల నుంచి కోర్ అనే రాతి నమూనాలు తీసి, వాటిలో రంధ్రాల శాతాన్ని, ద్రవాలు ప్రవహించే వీలును ప్రయోగశాలలో కొలుస్తారు. అదే లోతులోని లాగ్ విలువలను ఆ కొలతలతో జతచేసి నెట్‌వర్క్‌కు ఇస్తారు. తన అంచనాకూ అసలు కొలతకూ మధ్య తేడా తగ్గేలా అది తనను తాను సవరించుకుంటుంది. ఆపై కోర్ తీయని బావుల్లోనూ లాగ్‌ల ఆధారంగా ఆ విలువలను అంచనా వేస్తుంది.

కానీ శిక్షణలో చూడని రకం రాయి ఎదురైనా నెట్‌వర్క్ ఏదో ఒక జవాబు ఇస్తుంది. అది తప్పు కావచ్చు. అందుకే ఒక బావి సమాచారాన్ని శిక్షణకు వాడకుండా పరీక్ష కోసం పక్కన ఉంచుతారు. కోర్ తీయడం ఖరీదైన పనే అయినా, నెట్‌వర్క్‌కు పాఠం చెప్పేది ఆ కొద్ది మీటర్ల రాయే.