మూడేళ్ల ఆదివారాలు... ఒక్క సంఖ్య!

ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి నోరు విప్పలేదు. సుద్దముక్క తీసుకుని తిన్నగా నల్లబల్ల దగ్గరికెళ్లారు. 2ను 67 సార్లు వేసి గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేశారు.

14,75,73,95,25,89,67,64,12,927.

బల్ల మీదే మరో రెండు సంఖ్యలు రాశారు. 19,37,07,721 ఒకటి, 7,61,83,82,57,287 రెండోది. చిన్నప్పుడు బళ్లో నేర్పిన పద్ధతిలోనే వాటిని గుణించుకుంటూ పోయారు. అదే 21 అంకెల సంఖ్య వచ్చింది! మాటా పలుకూ లేకుండా వెళ్లి కూర్చున్నారు. సభ చప్పట్లతో మారుమోగిపోయింది.

1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం గురించి గణిత చరిత్రకారుడు ఇ.టి.బెల్ చెప్పిన ముచ్చట ఇది. ఆ మౌనవక్త ఫ్రాంక్ నెల్సన్ కోల్.

ఎందుకంత సంబరం?

3, 7, 31... ఇవన్నీ 2ను కొన్నిసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేవే. ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగింపబడని ప్రధాన సంఖ్యలు కూడా. అలాగని ప్రతిసారీ కుదరదు. 11 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే 2,047నే చూడండి. అది 23, 89ల లబ్ధం. ఇలాంటి వాటిలో ఏవి ప్రధాన సంఖ్యలో ఫ్రాన్స్ మతగురువు మెర్సెన్ 1644లో ఓ జాబితా ఇచ్చారు. అందులో 67 కూడా ఉంది. రెండు శతాబ్దాలు దాటాక, 1876లో ఎడ్వర్డ్ లూకాస్ అది తప్పని తేల్చారు. విచిత్రమేమిటంటే, దాన్ని భాగించే సంఖ్య ఏదో కనుక్కోకుండానే! దొంగ ఉన్నాడని తెలిసింది... ఎవరో తెలియలేదు. ఆ దొంగను పట్టుకున్నది కోల్.

అయితే గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించేది ఏదైనా సరే, 134తో భాగిస్తే శేషం 1 రావాలి. కోల్ చెప్పిన మొదటి సంఖ్య 134ను 14,45,580తో గుణించి ఒకటి కలిపితే వచ్చేదే. ఇలాంటి నియమాలతో వడపోసినా పని తెమలలేదు. ఎంతకాలం పట్టిందని తర్వాతెప్పుడో బెల్ అడిగితే, 'మూడేళ్ల ఆదివారాలు' అన్నారట.

అదే మనకు కాపలా!

గుణించడం నిమిషాల పని, విడదీయడం ఏళ్ల పని. 1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేత విధానానికి ఈ తేడానే పునాది. ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని కాపాడేందుకు వాడే పద్ధతుల్లో అదొకటి. కోల్ సంఖ్యను నేటి కంప్యూటర్లు క్షణాల్లో విడగొట్టేస్తాయి. అందుకే ఆర్‌ఎస్‌ఏలో ఆరు వందలకు పైగా అంకెలున్న సంఖ్యలు వాడతారు. పరిశోధకులు ఎన్నో కంప్యూటర్లను కలిపి 2020లో విడదీయగలిగిన ఆర్‌ఎస్‌ఏ సంఖ్యకు 250 అంకెలే.

ఈ ఆదివారం పిల్లలతో కోల్ లెక్క చేయించి చూడండి. మామూలు క్యాలిక్యులేటర్‌లో 21 అంకెలు పట్టవు. కాగితం, పెన్సిలే దిక్కు!