కంప్రెసర్ కొనేటప్పుడు చూడాల్సిన అంకె

బిలాస్‌పూర్ మీదుగా సాగే బొగ్గు రైలుకు 10 వ్యాగన్లున్నా 58 ఉన్నా బ్రేకు పైపులో ఉండాల్సిన గాలి పీడనం ఒకటే: చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు, అంటే 71 పీఎస్ఐ. మారేది నింపడానికి పట్టే సమయం.

క్యారవాన్ యాత్రకు కొనే చిన్న కంప్రెసర్‌కూ ఇదే లెక్క. డబ్బా మీద ఘనంగా వేసే 150 పీఎస్ఐని చూసి మురిసిపోనక్కర్లేదు. కారు టైరుకు 30–35 చాలు, బరువైన వ్యానుకు దాదాపు రెట్టింపు కావచ్చు. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందన్నది. లోపల 30 లీటర్లు పట్టే టైరును 20 నుంచి 33 పీఎస్ఐకి తేవడానికి దాదాపు 27 లీటర్ల బయటి గాలి కావాలి. 10 లీటర్ల పంపుకు కనీసం మూడు నిమిషాలు. టైరులో పీడనం పెరిగేకొద్దీ వేగం ఇంకా తగ్గుతుంది.

గాలిని నొక్కితే వేడి పుడుతుంది కాబట్టి, ఆపకుండా ఎంతసేపు నడపవచ్చో కూడా అడగాలి. పెద్ద పంపుకు లైటర్ సాకెట్ చాలదు, ఫ్యూజు పోతుంది. దాని క్లిప్పులు నేరుగా బ్యాటరీకే తగిలించాలి.