వానకు గోడ కూలితే: ఇంటి బీమా నిబంధనల్లో వచ్చిన మార్పులు

నివసించే ఇంటిని మనకు ప్రశాంతి నిలయంగా చేయడం తన అనుగ్రహాల్లో ఒకటని అల్లాహ్ నహ్ల్ సూరాలో (16:80) గుర్తు చేశాడు. ఆ అనుగ్రహం విలువ గోడ కూలిన నాడు గాని మనకు తెలిసిరాదు. మంజీర ఒడ్డున ఉన్న మా బోరంచలోనూ, నారాయణఖేడ్ చుట్టుపక్కల పల్లెల్లోనూ మట్టిగోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఆ ఇళ్లవారికి కంటిమీద కునుకు ఉండదు. 2025 ఆగస్టు చివర పొరుగున ఉన్న మెదక్, కామారెడ్డి జిల్లాలను వర్షాలు ముంచెత్తిన నాటి నుంచి రెండు ప్రశ్నలు మాటిమాటికీ మా ముందుకు వస్తున్నాయి. ఇంటికి బీమా చేయించడం ధర్మసమ్మతమేనా? చేయిస్తే, నష్టం జరిగిన నాడు సొమ్ము నిజంగా చేతికి వస్తుందా?

ప్రభుత్వం ఇస్తుంది కదా అనేవారు అంకెలు చూడాలి. 2022-26 కాలానికి నిర్ణయించిన విపత్తు సహాయ నియమాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఈ సొమ్ముతో కూలిన గోడ తిరిగి లేవడం సంగతి అటుంచి, శిథిలాలు ఎత్తివేయించడమే కష్టం.

మొదటి ప్రశ్నకు వద్దాము. నిర్ణీత ప్రీమియంతో సాగే వాణిజ్య బీమాలో అనిశ్చితి (గరర్) ఉన్నందున అది నిషిద్ధమని, పరస్పర సహకార బీమాయే దానికి ప్రత్యామ్నాయమని జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1985 డిసెంబరులో తీర్మానించింది. సహకార పద్ధతిలోని తకాఫుల్ మలేషియాలో 1984 నుంచే చట్టబద్ధమైనది. మన దేశంలో ఇంటి యజమానికి అది అందుబాటులో లేదు. ఈ దేశ పరిస్థితులను, ముఖ్యంగా అల్లర్లలో ముస్లింల ఇళ్లూ దుకాణాలూ కాలిపోతున్న స్థితిని దృష్టిలో ఉంచుకుని ధర్మపండితులు వేరుగా ఆలోచించారు. నద్వతుల్ ఉలమాకు చెందిన మజ్లిసె తహ్కీఖాతె షరీఅ 1965లో, ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ (ఇండియా) 1992లో ఆజంగఢ్ సదస్సులో, అనివార్యత దృష్ట్యా బీమాకు అవకాశం ఇచ్చాయి. దీనితో ఏకీభవించని ముఫ్తీలూ ఉన్నారు. వారి అభిప్రాయాన్ని కూడా మేము గౌరవిస్తాము. అయితే అనివార్యత ఎంతవరకో అనుమతి కూడా అంతవరకే అన్నది ఫిఖ్హ్ సూత్రం. అందువల్ల జరిగిన నష్టానికి మించి ఒక్క రూపాయి కోరడం కూడా ఈ అనుమతి పరిధిలోకి రాదన్నది మా అభిప్రాయం. పొదుపుతో ముడిపడిన జీవిత బీమా వేరే చర్చ. ఇక్కడ దాని జోలికి పోము.

ఇక రెండవ ప్రశ్న. బీమా రాష్ట్రాల చేతిలోని విషయం కాదు, కేంద్ర చట్టానిది. దాని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కార్యాలయం మాత్రం మన హైదరాబాదులోనే ఉంది. ఆ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇళ్లకు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తీరు పాలసీని అమ్మవలసి వచ్చింది. ఇంటివారికి దీనివల్ల ఒరిగిన అసలు మేలు ఒక లెక్కలో ఉంది. పది లక్షల విలువగల ఇంటిని ఐదు లక్షలకే బీమా చేయించారనుకోండి. రెండు లక్షల నష్టం జరిగితే పాత పద్ధతిలో, మీరు సగానికే బీమా చేశారు గనుక సగం నష్టమే ఇస్తామని లక్ష రూపాయలు చేతిలో పెట్టేవారు. అంకగణితం తెలియని పేదవాడే ఆ కోతకు ఎక్కువగా గురయ్యేవాడు. కొత్త పాలసీలో ఆ కోత లేదు. బీమా మొత్తానికి లోబడి రెండు లక్షలూ చెల్లించాలి.

అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపంతో పాటు అల్లర్లు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్య కూడా ఈ పాలసీ మూలంలోనే ఉన్నాయి. ఆజంగఢ్‌లో పండితులను కలవరపెట్టిన ప్రమాదం ఇదే కదా! ఇంటిలోని సామగ్రికి కట్టడపు బీమా మొత్తంలో 20 శాతం వరకు, పది లక్షలు మించకుండా, విడిగా అడగకుండానే రక్షణ లభిస్తుంది. నగలవంటి విలువైన వస్తువులకు మాత్రం అదనంగా తీసుకోవాలి.

మా ప్రాంతంవారు తప్పక తెలుసుకోవలసినది పాలసీలో లేనిదేమిటన్నది. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. దానిమీద కట్టిన గోడలు బీటలు వారడం మామూలే. ఇల్లు నిలిచిన నేల కుంగితే బీమా వర్తిస్తుంది గాని, కొత్త కట్టడం సహజంగా కుదురుకునేటప్పుడు పడే బీటలకు వర్తించదు. నదీకోతకు వర్తించదు, మంజీర అంచున ఇల్లున్నవారు ఈ మాట మరువరాదు. నాసిరకం పనితనం వల్ల వచ్చిన నష్టానికీ ఇవ్వరు. గడ్డి, తడక, టార్పాలిన్ వంటివాటితో కట్టిన భాగం ఉంటే దరఖాస్తులోనే చెప్పాలి. వైశాల్యం కూడా ఉన్నదున్నట్టే రాయాలి. ఏజెంటు ‘అది నేను చూసుకుంటాను, సంతకం పెట్టండి’ అంటే పెట్టకండి. తరువాత క్లెయిమ్ తిరస్కరించడానికి పనికివచ్చేది ఆ సంతకమే, పైగా అబద్ధానికి సాక్షిగా నిలిచేదీ మీరే.

నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలపాలి, 30 రోజుల్లో క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. శిథిలాలు తొలగించే ముందు ఫొటోలు తీయించండి. ఇదివరకు సర్వేయర్ నియామకానికి 72 గంటలు, నివేదికకు 30 రోజులు గడువుండేది. 2024 నాటి ఆదేశాల ప్రకారం 24 గంటల్లో నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని కూడా అదే సంవత్సరం స్పష్టం చేశారు. తాతల నాటి ఇళ్లలో కాపురముంటూ కాగితాలు సరిగా లేని కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. బ్యాంకు అప్పు ఉన్న ఇంటికైతే సొమ్ము ముందుగా బ్యాంకుకే పోవచ్చు. పాలసీ ప్రతిని అడిగి తెచ్చుకొని ఇంట్లో ఉంచుకోండి. బ్యాంకు కట్టించిన బీమా ఒకటుందని కూడా తెలియని ఇళ్లు ఎన్నో!

తిరస్కరిస్తే మొదట కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

బీమా చేయించలేనివారి, మనస్సాక్షి ఒప్పక చేయించనివారి మాట మిగిలింది. విపత్తులో ఆస్తి నశించినవాడు కోలుకునేంతవరకు అడగడం ధర్మసమ్మతమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఖబీసా (రజి)తో అన్నట్లు సహీహ్ ముస్లింలో ఉంది. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లోని రుణగ్రస్తులను వివరిస్తూ, వరదలో సొత్తు కొట్టుకుపోయినవాణ్ణి, అగ్నికి ఆహుతైనవాణ్ణి ఇమామ్ ముజాహిద్ ప్రత్యేకంగా చెప్పారు. ఈ వానాకాలం ముందే మన మస్జిద్ కమిటీలు జకాత్ నిధిలో కొంత ఈ వర్గం పేరిట పక్కన పెట్టి, ఊళ్లో ఏ ఇళ్ల గోడలు తడిసి వంగి ఉన్నాయో చూసి జాబితా రాసుకోవాలి.