ప్రసార వాల్వుకు గాలి దారి

హామ్ రేడియో లీనియర్ యాంప్లిఫయర్‌లోని వాల్వు తనలోకి వచ్చిన విద్యుత్తులో సుమారు అరవై శాతాన్ని మాత్రమే యాంటెనాకు పంపగలదు. మిగిలినదంతా వేడి. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉన్న హాముకు అనుమతి ఉన్న గరిష్ఠ శక్తి 400 వాట్లు. ఆ 400 బయటికి రావాలంటే దాదాపు 670 వాట్లు లోపలికి పోవాలి. అంటే 270 వాట్ల వేడి వాల్వులోనే మిగులుతుంది. ఫిలమెంటు వేడి దీనికి అదనం. హాములు ఎక్కువగా వాడే 3-500జెడ్ వాల్వు ఫిలమెంటు 5 వోల్టుల దగ్గర 14.5 ఆంపియర్లు తీసుకుంటుంది. మైకు ముందు ఎవరూ నోరు విప్పకపోయినా ఆ 72 వాట్లు కాలుతూనే ఉంటాయి.

3-500జెడ్ గాజు బుడ్డి. దాని ప్లేటు శూన్యంలో వేలాడుతుంది కాబట్టి ప్లేటు వేడిని గాలి నేరుగా తాకలేదు. వేడి కిరణాల రూపంలో గాజును దాటి పోవడమొక్కటే దానికి దారి. మా ఊరు ఆరంబాక్కానికి ఈశాన్యంగా, పులికాట్ సరస్సు అవతల ఉన్న శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహానిదీ ఇదే స్థితి. చుట్టూ గాలి లేదు గనుక అది కూడా తన వేడిని కిరణాలుగానే వదిలించుకోవాలి. పూర్తి లోడు మీద వాల్వు ప్లేటు ఎర్రబడటం చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు గాని, 3-500జెడ్ లాంటి వాల్వుకు అది సహజమే. పైగా దాని ప్లేటు మీద ఉండే జిర్కోనియం పూత వేడెక్కితేనే లోపల మిగిలిన వాయువులను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్న వాల్వు ‘గ్యాసీ’ కావడానికి ఆ వేడి అందకపోవడం ఒక కారణం.

అలాంటప్పుడు ఫ్యాను ఎందుకు? సీళ్ల కోసం. లోహపు తీగ గాజులోంచి బయటికి వచ్చే చోటే సీలు. వాల్వుకు అదే ఆయువుపట్టు. హద్దు మీరిన వేడికి అక్కడ గాజు చిట్లితే, కంటికి కనిపించని సందులోంచి గాలి దూరి శూన్యం పోతుంది. 3-500జెడ్ అడుగు సీళ్లు 200 డిగ్రీల సెల్సియస్, పైనున్న ప్లేటు సీలు 225 డిగ్రీలు దాటకూడదు. పిన్నుల సంగతి ఇంకా సున్నితం. వాటిలోని టంకం మామూలు రకమైతే 190 డిగ్రీల లోపే కరుగుతుంది. సాకెట్ పట్టు వదులైతే 14 ఆంపియర్ల కరెంటు ఆ వదులు దగ్గర కూడా వేడి పుట్టిస్తుంది. పైన ఎర్రగా వెలిగే ప్లేటు అందరికీ కనిపిస్తుంది. ప్రమాదం మాత్రం సాధారణంగా కింద, చీకట్లో ఉంటుంది.

అందుకే గాలి ఎంత అనేదానికన్నా ఎటు నుంచి ఎటు అనేది ముఖ్యం. మంచి అమరికలో చాసిస్ అడుగును మూసిన పెట్టెగా చేసి బ్లోయరుతో గాలి నింపుతారు. అది సాకెట్ రంధ్రాల గుండా పైకి లేచి, మొదట పిన్నులను, తర్వాత గాజును, చివర ప్లేటు టోపీని తాకుతూ పోతుంది. లాంతరు గాజులాగా వాల్వు చుట్టూ నిలబెట్టే చిమ్నీ ఆ గాలిని పక్కలకు చెదరనివ్వదు. హీత్‌కిట్ వారి ఎస్‌బి-220లో చిమ్నీలు లేవు. రెండు 3-500జెడ్‌లకు పక్క నుంచి వీచే ఒక్క ఫ్యానుతోనే అది పేరు తెచ్చుకుంది. మాటల్లో సందులుంటాయి గనుక సగటు వేడి తక్కువ, ఆ ఫ్యాను సరిపోయింది. ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ పద్ధతుల్లో వాల్వుకు అంత ఊపిరి దొరకదు. అప్పుడు పక్క గాలిని నమ్ముకోవడం సాహసమే.

చిన్న వాల్వులకు ఈ హంగామా అక్కర్లేదు. 807, 811ఏ వంటివి చుట్టూ ఖాళీ ఉంటే మామూలు గదిగాలితోనే నెట్టుకొస్తాయి.

4సీఎక్స్250బి లాంటి సిరామిక్ వాల్వుల్లో ప్లేటు బయటే ఉంటుంది, దాని చుట్టూ రాగి రెక్కలు. గాలి ఆ రెక్కల సందుల్లోంచి దూరి వెళ్లాలి. అరచేతిలో పట్టే వస్తువు 250 వాట్ల వేడిని వదిలించుకోగలిగేది అందువల్లే. గాలి ఆగిందా, కాపాడటానికి సమయం ఉండదు. హీటరు మాత్రమే వెలుగుతున్నా దీనికి గాలి అందాల్సిందే.

ఎంత గాలి కావాలనేది సులువైన లెక్క. సముద్రమట్టం దగ్గర సెకనుకు లీటరు గాలి ఒక వాటు వేడిని మోస్తే దాదాపు 0.8 డిగ్రీలు వేడెక్కుతుంది. 340 వాట్ల వేడికి సెకనుకు 12 లీటర్లు పంపితే గాలి సుమారు 24 డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది. లోపలికి వచ్చేది 25 డిగ్రీల గాలి అయితే బయటికి 49. కానీ ఆరంబాక్కం ఎండాకాలం అలా ఉండదు. దక్షిణాన ఉన్న చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజున బయటికొచ్చే గాలి 69 డిగ్రీలు దాటుతుంది, సీళ్ల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. చల్లని దేశంలో రాసిన పట్టికను చూసి బ్లోయరు కొనేవారు ఈ తేడాను ముందే కలుపుకోవాలి.

బ్లోయరు ఏ దేశపుదో కూడా చూడాలి. అమెరికాలో 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. గాలి కూడా అంతే తగ్గుతుంది. అది పుట్టించే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. సిరామిక్ వాల్వు రెక్కల సందుల్లోంచి గాలిని నెట్టడానికి కావలసింది ఒత్తిడే. కంప్యూటర్లలో ఉండే రెక్కల ఫ్యాను ఖాళీలో బాగానే వీస్తుంది గాని అడ్డు తగిలితే చేతులెత్తేస్తుంది. ఉడతచక్రం లాంటి చుట్టతో తిరిగే బ్లోయరే ఇక్కడ పనికొస్తుంది. ఒత్తిడి కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. యు ఆకారంలో వంచిన పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొసను చాసిస్ పెట్టెలోకి పెడితే నీటి మట్టాల తేడా ఎంతో చూసి చెప్పొచ్చు.

సరస్సు మీదుగా వచ్చే ఉప్పుగాలి, జాతీయ రహదారి మీద లారీలు లేపే దుమ్ము ఇక్కడి యంత్రాలకు అదనపు పన్ను. ఉప్పు బ్లోయరు బేరింగులనూ సాకెట్ పట్టీలనూ తినేస్తుంది. దుమ్ము రెక్కల సందులను పూడ్చేస్తుంది. గాలి లోపలికి వచ్చే చోట స్పాంజి ఫిల్టరు పెట్టాలి, అయితే ఫిల్టరు మురికి పట్టినా ఒత్తిడి పడిపోతుంది. దాన్ని తరచూ కడగని చోట ఫిల్టరు లేకపోవడమే మేలు.

గాలి ఆగితే హైవోల్టేజీని దానంతట అదే తెంచేసే స్విచ్చు ఉండాలి. గాలి తోపుకు కదిలే చిన్న రేకు, దానికి తగిలించిన మైక్రోస్విచ్ చాలు. యాంప్లిఫయరు ఆపాక కూడా సిరామిక్ వాల్వుకు మూడు నాలుగు నిమిషాలు బ్లోయరు తిరగాలి, ఎందుకంటే రాగి రెక్కల్లో దాగిన వేడి అప్పటికీ సీళ్లవైపు పాకుతూనే ఉంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే ఆ నిమిషాలు దొరకవు. అందుకని బ్లోయరు ఒక్కదాన్ని ఇన్వర్టరు లైనుకు కలిపితే చాలు. యాంప్లిఫయరు మొత్తాన్ని ఇన్వర్టరుకు కట్టే పనిలేదు.