జిల్లా ఆదాయం లెక్క కట్టేదెలా?

కృష్ణా జిల్లాలో ఒక ఏడాదిలో పుట్టిన ఆదాయాన్ని ఒక్క అంకెలో చెప్పేది జిల్లా స్థూల ఉత్పత్తి. దివిసీమ వరి, నాగాయలంక పీతల చెరువులు, గుడివాడ రైసు మిల్లులు, చిలకలపూడి కవరింగ్ నగలు, బందరు బ్యాంకులు, బడులు, బస్సులు అన్నీ అందులోకి రావాలి. రాష్ట్రంలో ఈ లెక్క కట్టేది అర్థ గణాంక శాఖ, దేశం మొత్తానికి కట్టేది జాతీయ గణాంక కార్యాలయం. ఒకే సరుకు రెండుసార్లు లెక్కకు రాకుండా, ప్రతిచోటా అమ్మకం విలువలోంచి కొన్న ముడిసరుకు విలువ తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే కూడతారు.

ఈ లెక్కలో అన్నిటికంటే గట్టి భాగం వరి పంటదే. దిగుబడిని ఎవరూ ఊహించి రాయరు; పంట కోత ప్రయోగంతో తేలుస్తారు. గ్రామాన్నీ, సర్వే నంబరునూ లాటరీ పద్ధతిలో ఎంచుతారు. చేలో ఎక్కడ మేకు పాతాలో కూడా ముందే ఇచ్చిన అంకెలే చెబుతాయి, బాగా పండిన చోటు చూసి పాతడానికి వీల్లేదు. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, లోపలి పంటనంతా కోసి, నూర్చి, తూస్తారు. అందులో 15 కిలోల ధాన్యం వస్తే హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు సుమారు 32. తూకంలో వంద గ్రాములు తేడా వస్తే ఎకరా దగ్గర 16 కిలోలు మారిపోతుంది. ఈ కోత ముక్క ఎంత పెద్దదిగా ఉండాలన్న దానిపై 1940లలో గణాంకవేత్తలు మహలనోబిస్, సుఖాత్మేల మధ్య పెద్ద వాదమే నడిచింది. ఆ మహలనోబిస్ అధ్యక్షతనే 1949లో జాతీయ ఆదాయ సంఘం ఏర్పడింది. దేశ ఆదాయ లెక్కలకు పద్ధతి ఏర్పడింది అప్పుడే.

విస్తీర్ణం లెక్క ఇప్పుడు ఈ-పంట నమోదు వల్ల సర్వే నంబరు స్థాయికి దిగింది. పొలం ఎవరిదో కాకుండా పంట ఎవరు వేశారో నమోదు కావాలి. కౌలు మీద నడిచే డెల్టా సేద్యంలో ఇది చాలా ముఖ్యం. ఆక్వా చెరువులకూ అనుమతి తప్పనిసరి చేస్తూ 2020లో రాష్ట్రం చట్టం తెచ్చింది. రొయ్యలు, చేపల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రంలో, లెక్కకు రాని ప్రతి చెరువూ ఆదాయ అంచనాను దెబ్బతీస్తుంది.

పొలం గట్టు దాటితే లెక్క పలచబడుతుంది. చిలకలపూడిలోనూ, చుట్టుపక్కల ఇళ్లలోనూ కవరింగ్ నగల పని చేసేవారు బ్యాలెన్స్ షీట్లు రాయరు. పెడనలో కలంకారీ అద్దేవారూ, గిలకలదిండి రేవులో చేపలు కొని ఊళ్లమ్మట అమ్ముకునే ఆడవాళ్లూ అంతే. 2011-12 ఆధార సంవత్సరంగా 2015లో వచ్చిన జాతీయ ఆదాయ లెక్కల వరుసలో ఇలాంటివారి ఆదాయాన్ని ఆనాటి సర్వేల ఆధారంగా ఒకసారి అంచనా వేశారు. తర్వాతి ఏళ్లలో దాన్ని ఇతర సూచికల సాయంతో ముందుకు జరుపుతూ వచ్చారు. ఈలోగా 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్‌టీ, 2020లో కోవిడ్ వచ్చాయి. ఈ దెబ్బలు పెద్ద కంపెనీలకు తగిలినట్టే చిన్న పనివాళ్లకూ తగిలాయని అనుకోవడం సరైన అంచనా కాదు. పాత పద్ధతిలోని అసలు లోపం ఇదే.

దీన్ని సరిదిద్దే పని ఆర్థికవేత్త గోల్డార్ అధ్యక్షతన 2024లో వేసిన సలహా సంఘం చేతికి వచ్చింది. కొత్త ఆధార సంవత్సరం 2022-23. కొత్త వరుస విడుదలకు 2026 ఫిబ్రవరి 27ను ముహూర్తంగా కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ ముందే ప్రకటించింది. అసంఘటిత సంస్థల సర్వే ఇప్పుడు ఏటా జరుగుతోంది. దాన్నీ, శ్రామిక సర్వేనూ నేరుగా వాడుకోవడం కొత్త పద్ధతిలో పెద్ద మార్పు. 2025 జనవరి నుంచి శ్రామిక సర్వే నమూనాను జిల్లా ప్రాతిపదికన ఎంచుతున్నారు. కృష్ణా వంటి జిల్లాకు దీనివల్ల జరిగే మేలు చిన్నది కాదు.

రెండో మార్పు ధరల సంగతి. గుడివాడలో ఒక మిల్లు ఏడాదికి 10 లక్షల రూపాయల బియ్యం అమ్మి, అందుకు 8 లక్షల ధాన్యం కొన్నదనుకుందాం. అదనపు విలువ 2 లక్షలు. మరుసటి ఏడాది ఆడించిన ధాన్యం అంతే, వచ్చిన బియ్యం అంతే, బియ్యం ధరా అదే. ధాన్యం ధర మాత్రం పది శాతం పెరిగింది. మిగిలేది లక్షా 20 వేలు. బియ్యం ధర ఒక్కటే చూసి లెక్కిస్తే మిల్లు ఉత్పత్తి 40 శాతం పడిపోయినట్టు కనబడుతుంది. నిజానికి ఒక్క గింజ కూడా తగ్గలేదు. అమ్మకానికీ, కొనుగోలుకూ వేర్వేరు ధరల సూచీలు వాడితే ఈ పొరపాటు రాదు. వ్యవసాయంలో ఇంతకుముందే ఉన్న ఈ పద్ధతిని తయారీ రంగానికీ తెస్తున్నారు.

ఇక మిగిలేది పంపకం సమస్య. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది, కంపెనీ ఖాతాలు మాత్రం బెంగళూరు ప్రధాన కార్యాలయం పేరు మీదే ఉంటాయి. రైల్వేలు, బ్యాంకుల సంగతీ దాదాపు ఇంతే: మొత్తం ముందు తేల్చి, ఏదో ఒక కొలమానంతో రాష్ట్రాలకూ జిల్లాలకూ పంచుతారు. జీఎస్‌టీ నమోదు రాష్ట్రాలవారీగా ఉంటుంది కాబట్టి రాష్ట్రాల వాటా తేల్చడం కొంత సులువవుతుంది. జిల్లా వాటా మాత్రం ఇంకా చాలావరకు అంచనాయే. పైనుంచి పంచిన అంకెను జిల్లా ప్రగతి అనడం కంటే, మండలం నుంచి కూడుకుంటూ వచ్చిన అంకె కోసం ఆగడం మేలు.

ఆ అంకె నాణ్యత గడప దగ్గరే తేలుతుంది. సర్వేకు వచ్చినవారికి చెప్పిన ఆదాయ వివరాలను గోప్యంగా ఉంచాలని 2008 గణాంకాల సేకరణ చట్టం చెబుతోంది. పన్నుకు భయపడి తగ్గించి చెప్పనక్కర్లేదు, పథకం కోసం మార్చి చెప్పనక్కర్లేదు. నగల పనివారైనా, చేపల వ్యాపారులైనా, కౌలు రైతులైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.