కొట్టేసినా పోని 66ఏ

ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో ఏదో రాశారని మీ వాళ్ల మీద కేసు పెడితే, ఎఫ్‌ఐఆర్‌లో ముందుగా చూడాల్సింది సెక్షన్ల వరుస. అందులో ఐటీ చట్టం 66ఏ ఉంటే ఆ ఆరోపణ చెల్లదు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే దాన్ని కొట్టేసింది.

2008 సవరణతో వచ్చిన సెక్షన్ అది. ఫోన్‌లో పంపిన సందేశం ‘తీవ్ర అభ్యంతరకరం’గా ఉన్నా, అబద్ధమని తెలిసీ ఒకరిని చికాకు పెట్టడానికి పదేపదే పంపినా మూడేళ్ల దాకా జైలు. ఏది అభ్యంతరకరం, ఎంతయితే చికాకు? చట్టం చెప్పలేదు. అంటే తేల్చేది ఫిర్యాదు అందుకున్న పోలీస్ స్టేషనే. 2012 నవంబరులో శివసేన అధినేత బాల్ ఠాక్రే మరణించినప్పుడు జరిగిన బంద్‌ను ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. దాంతో శ్రేయా సింఘాల్ అనే ఢిల్లీ యువతి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

జస్టిస్ చలమేశ్వర్ (మన కృష్ణా జిల్లా వారే), జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం మాటను మూడు రకాలుగా విడదీసి చూసింది: చర్చించడం, ఒక వాదాన్ని గట్టిగా సమర్థించడం, ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎదుటివారికి ఎంత చేదుగా ఉన్నా రాజ్యాంగం కాపాడుతుంది. ఉసిగొల్పేదాకా వెళ్తేనే, అదీ 19(2) అధికరణలో చెప్పిన కారణాలకే, ప్రభుత్వం అడ్డుకోవచ్చు. కోపం వచ్చినంత మాత్రాన నేరం కాదన్నమాట. నా దృష్టిలో ఈ తీర్పుకు ప్రాణం అక్కడే ఉంది.

నాకు మింగుడుపడనిది తర్వాతి కథ. కోర్టు కొట్టేసినంత మాత్రాన చట్టం పుస్తకంలోంచి అక్షరాలు చెరిగిపోవు. 66ఏ పాఠం యథాతథంగా అచ్చవుతూ వచ్చింది, కొట్టేశారన్న మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. అటార్నీ జనరల్ వేణుగోపాలే 2021లో కోర్టుకు ఈ సంగతి చెప్పారు. పైనున్న పాఠమే చదివి కేసు రాసిన స్టేషన్ల వల్ల మామూలు మనుషులు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగారు. చివరికి 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు, ఎవరినీ ఈ సెక్షన్ కింద విచారించరాదని, పెండింగు కేసుల్లోంచీ దాన్ని తీసేయాలని ఆదేశించింది.

అయితే మోసం, అశ్లీలత వంటి వాటికి 66డి, 67 అమల్లోనే ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లూ ఉంటాయి. ఎఫ్‌ఐఆర్‌లో అవీ ఉంటే 66ఏ పోయినా కేసు మిగులుతుంది. 66ఏ ఒక్కటే ఉంటే, 2022 ఆదేశం ప్రతి జతచేసి కేసు కొట్టేయమని హైకోర్టును అడగవచ్చు.